రాకాసి గుళ్ల కాడ కావలి

న్యాల్‌కల్ నుంచి రాయికోడ్ దిక్కు పోయే బండ్లబాటలో, రాకాసి గుళ్ల దగ్గర పొద్దు గూకితే ఎవరూ ఆగేవాళ్లు కాదు. నడుమెత్తు బండలు గుండ్రంగా పాతి ఉంటాయి. మధ్యలో నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఏనుగంత బండ మూత. మనుషుల వల్ల అయ్యే పని కాదని, రాకాసులు కట్టారని ఊరి నమ్మకం. అమాస రాత్రుల్లో అక్కడ నేలకు జానెడెత్తున దీపం తిరుగుతుందని, ఆడమనిషి జోలపాట వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. చూసినవాళ్లను చూపించమంటే మాత్రం ఒక్కడూ ముందుకు రాడు.

ఆ భూమి గురులింగప్ప పటేల్‌ది. ముప్పై ఏళ్ల కిందట ఆ బండల పక్కన నాగలి పెట్టబోయి, మూడు రోజులు జ్వరంతో మూలిగి, మళ్లీ దాని జోలికి పోలేదట.

అలాంటి చోట, డెబ్బై తొమ్మిదిలో, హైదరాబాద్ నుంచి జగన్‌మోహన్ సార్ అనే ఆయన వచ్చి తవ్వకం మొదలుపెట్టించాడు. పగలు గడ్డపార పట్టడానికి ఊళ్లో ఎనిమిది మంది దొరికారు. రాత్రి కావలికి ఒక్కడూ దొరకలేదు. చివరికి మాణిక్ ఒప్పుకున్నాడు. ధైర్యం ఎక్కువై కాదు. పగలంతా మట్టి తట్టలు మోసి, మళ్లీ ఇంటికి మైలు దూరం నడిచే ఓపిక లేక.

"రాకాసులూ లేరు, దయ్యాలూ లేవు," అనేవాడు సార్. "మనలాంటివాళ్లే. రెండున్నర వేల ఏళ్ల కిందట ఇక్కడ పంటలు వేసుకున్నారు, ఇనుము కరిగించారు. పోయినవాళ్లకు ఈ ఇళ్లు కట్టారు."

మూత బండ కింద ఎరుపూ నలుపూ కుండలు, తుప్పుపట్టిన కొడవలి, కొన్ని ఎముకలు దొరికాయి. ప్రతిదానికీ నంబరు రాసి, చెక్కపెట్టెలో దూది పరిచి, హైదరాబాద్ పంపించేవాడు. ఐదో రోజు సాయంత్రం, బండల వరుసకు తూర్పున మెత్తటి నేల చూసి, నాలుగు మేకులు కొట్టించి చుట్టూ సుతిలి తాడు కట్టించాడు. "రేపు పొద్దున ఇక్కడ తవ్వుదాం," అన్నాడు.

ఆ రాత్రి అమాస.

మాణిక్ గోనెసంచి పరిచి ఒక బండకు ఆనుకున్నాడు. భుజాలు సలుపుతున్నాయి. భయపడటానికి కూడా కాస్త ఓపిక ఉండాలి గదా... కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. కీచురాళ్లు కూడా అరవడం లేదు. తూర్పు దిక్కున — నేలకు జానెడెత్తున — ఒక దీపం.

లేవాలనుకున్నాడు. బండకు ఇంకా ఒదిగాడు. దీపం కదిలింది... ఆగింది... సుతిలి దాటి లోపలికి పోయింది. తర్వాత చప్పుడు. బర్... బర్... గోళ్లతో మట్టి గీకుతున్నట్టు. ఆ చప్పుడు వెంట సన్నగా జోలపాట.

అరిస్తే వినేవాళ్లు మైలు దూరంలో ఉన్నారు. పారిపోతే పొద్దున సార్‌కు ఏం చెప్పాలి? గుంతలో ఒక్క పెంకు తగ్గినా దొంగతనం తన మీదే పడుతుంది. మాణిక్ గడ్డపార అందుకున్నాడు. చీకట్లో అది బండకు తగిలి ఖంగుమంది.

పాట ఆగింది. దీపం పైకి లేచింది. దాని వెనక విడిపోయిన తెల్ల జుట్టు... మట్టి కొట్టుకున్న చేతులు...

"కొట్టకు బిడ్డా," అన్నది గుసగుసగా. "నేను. అవ్వను."

బస్వమ్మ. అతని తల్లి.

మాణిక్ గడ్డపార కిందికి దించాడు. కోపం, సిగ్గు, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. "గీ రాత్రి గిక్కడ నీకేం పనే అవ్వా? పానం పోయినంత పనాయె నాది!"

"పొద్దుగాల గీడ తవ్వుతరట గదా. దొరికినయన్ని పెట్టెల వెట్టి పట్నం తోలుతరు. గంతల్నే తీస్కపోవాలె."

"ఏం తీస్కపోతవ్?"

ఆమె దీపం కింద పెట్టింది. "నీకు ముందు పుట్టినోన్ని."

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఇంటికి తానే పెద్దకొడుకునని అనుకుంటున్నాడు మాణిక్.

బస్వమ్మ ఆగి ఆగి చెప్పింది. పసిపిల్లలు పోతే ఊరి ఆడవాళ్లు తెచ్చి ఇక్కడే మట్టిలో పెట్టేవాళ్లు. ఇంత పెద్ద బండలున్న చోట నాగలి తిరగదని వాళ్ల ధీమా.

"ఒక్కసారి పటేల్ నాగలి తెచ్చిండు. గప్పుడు నేను, యాదమ్మ, నారమ్మ మూడు రాత్రులు దీపం పట్టుకొని తిరిగినం. పాట పాడినం. ఆయనకు జరమొచ్చింది. మిగిలిన కథంత మగోళ్లే అల్లుకున్నరు." ఆమె ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "ముప్పై ఏండ్లు కాపాడినం బిడ్డా. గీ పట్నం సారేమో దయ్యాలకు భయపడడాయె. యాదమ్మ పోయింది, నారమ్మ పోయింది. నాకు చేతులల్ల బలం లేదు."

"నాతోని ముందుగాల చెప్పొద్దా?"

"నీ పని పోతదని ఊకున్న."

పొద్దున సార్ ఈ మట్టి చూసి అనుమానపడితే కావలి పని, తట్ట పని రెండూ పోతాయి. మాణిక్‌కు ఆ సంగతి బాగా తెలుసు. అయినా గడ్డపార పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. "జర జరుగు. నేను తీస్త. గుర్తెట్ల?"

"పక్కన కొడవలి ముక్క పెట్టిన. ఒక్కడే ఉంటడు గదా... భయపడొద్దని."

మూత బండ కింది కొడవలి గుర్తొచ్చింది మాణిక్‌కు. దాన్ని అక్కడ పెట్టింది కూడా ఏ అవ్వో అనిపించింది.

మూరెడు లోతున ఇనుము వేళ్లకు తగిలింది. దాని పక్కన మిగిలింది దోసిట్లో పట్టేంత. బస్వమ్మ కొంగు చింపి ఇచ్చింది. అతను మూట కట్టి, గుంత పూడ్చి, మన్ను చదును చేశాడు. తమ చెలక గట్టున పెడదామని ఇద్దరూ బయలుదేరారు. ముందు దీపంతో ఆమె, వెనక మూటతో అతను. పగలంతా తట్టలు మోసిన చేతులకు ఆ మూట బరువే తెలియలేదు.

"పేరేమన్న పెట్టిన్రా అవ్వా?"

"ఇరవై ఒకటో నాడు తొట్టెల ఏసి పెట్టినం. నెల నిండకముందే పోయె." దీపానికి చెయ్యి అడ్డం పెట్టి నడిచింది. "నువ్వు పుట్టినంక అందరు పెంటయ్యని పెట్టుమన్నరు, గట్లయితె బతుకుతవని. నేనే ఇనలే. గా పేరు ఇంకొక్కసారి పిల్వాలనిపించింది."

"ఏ పేరు?" అన్నాడు అతను, నిలబడిపోయి.

బస్వమ్మ దీపం ఎత్తి వెనక్కి తిరిగింది.

"మాణిక్," అన్నది. ఆమె చూస్తున్నది మాత్రం మూటనే.