రాయి పెట్టిన సీటు

రమాకాంత్‌కి కూర్చోవడమే ఒక పెద్ద పని అయిపోయింది. కాశిబుగ్గ మగ్గాల మీద నేసిన జంపఖానాలను కారు డిక్కీలో కుక్కుకుని, చుట్టుపక్కల ఊళ్లలో దుకాణాలకు చేరవేయడం అతని వ్యాపారం. పొద్దున లేస్తే స్టీరింగ్ ముందే బతుకు. నడుములో డిస్కు జారిందని హనుమకొండలో డాక్టరు చెప్పాడు. ఎడమ పిర్రలో మొదలైన నొప్పి కాలి వేళ్ల దాకా జివ్వున లాగేది. ఆపరేషన్ అంటే అతనికి గుండె దడ. మంచి సీటు ఒకటి దొరికితే చాలు, నడుము దానంతటదే దారికొస్తుందని నమ్మకం పెట్టుకున్నాడు.

అప్పటినుంచి కనబడిన కారులోకల్లా దూరి కూర్చుని చూడడమే. స్నేహితుడు శ్రీకాంత్ పెద్ద కారు కొంటే అందరూ స్వీట్లు తింటున్నారు, ఇతను డ్రైవర్ సీట్లో కళ్లు మూసుకుని ధ్యానంలో ఉన్నాడు. చివరికి దిగి, లెదర్ చూపుకే గాని ఎండలో వీపుకి అంటుకుని చర్మం లేస్తుందని తేల్చాడు. పక్కింటి రాజేశ్వర్ రావు సారు కారులో గుడ్డ సీటు మెత్తగానే ఉంది, కాకపోతే మరీ కిందికి ఉండి, లేవాలంటే ఇద్దరు చెయ్యందించాలి. చిన్న కార్లలో తొడల కింద ఆసరా చాలదు. రెగ్జిన్ మీద చెమట మడుగు కడుతుంది. మఖ్మల్ మీద ఎండాకాలం కూర్చుంటే రగ్గు కప్పుకున్నట్టే. జాలీ గుడ్డకు గాలి ఆడుతుంది గాని, గంటసేపటికి లోపలి ఇనుము వెన్నుకు తగులుతుంది. షోరూముల్లో ఇతను తలుపు తోసుకుని వస్తుంటే సేల్స్ వాళ్లు ఫోన్లలోకి తల దించుకోవడం మొదలుపెట్టారు.

"పెండ్లిచూపులు అయిపాయెనా? ఇయ్యాల పిల్లకు ఏం వంక పెట్టి వచ్చినవ్?" అని భార్య యమున ఏడిపించేది.

యమునకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆ లోటు తీర్చుకోవడానికేమో, పాలవాడూ అన్నే, ఆటోవాడూ అన్నే, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినవాడూ అన్నే. సగం వరంగల్ నీకు పుట్టిల్లే అని రమాకాంత్ నవ్వేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, వేదశ్రీ, రెండో తరగతి. చీమ కుట్టినా వాడంతా వినబడేలా ఏడ్చే పిల్ల. ఆ ఏడుపు వింటే రమాకాంత్ నడుము సంగతి మరిచిపోయి పరుగెత్తేవాడు, పిల్లని ఎత్తుకున్నాక తనే "అమ్మా" అని మూలిగేవాడు.

ఎవరో చెబితే ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ కాజీపేట దారిలో వెంకట్రాజం సీట్ల షెడ్డుకు వెళ్లారు. యమున తండ్రి ఎల్లస్వామి తన చేత్తో నేసిన ఎర్రచారల నూలు గుడ్డ చుట్ట ఒకటి వెంట తీసుకెళ్లారు, కవరు కుట్టించడానికి. షెడ్డు లోపల చీకటిగా ఉంది. అతికించే సొల్యూషన్ ఘాటు, పాత ఫోము చెమట వాసన. పీకేసిన కార్ల సీట్లు గోడవారగా వరుసగా పెట్టి ఉన్నాయి, మనుషులు లేచిపోయిన పంక్తిలా. వెంకట్రాజం ముసలాయన, నోట్లో దారం కొస కరిచిపట్టుకుని కుడుతున్నాడు. ఒక్కోదాని మీద కూర్చుని చూడమని గడ్డంతోనే సైగ చేశాడు.

రమాకాంత్ ఒక్కొక్కటే కూర్చుంటూ, మూలుగుతూ, లేస్తూ పోయాడు. చిట్టచివర ఒక డ్రైవర్ సీటు ఉంది. దాని మీద ఒక సన్నికల్లు. బరువుకు ఎవరో పెట్టి మరిచిపోయారనుకుని రాయిని పక్కకు జరిపి కూర్చున్నాడు.

నొప్పి తగ్గలేదు. ఆగిపోయింది. పన్ను పీకే ముందు సూది వేస్తే చిగుళ్లు మొద్దుబారినట్టు, నడుము నుంచి కిందికి అంతా నిశ్శబ్దమైపోయింది. ఎన్ని నెలలకో ఊపిరి పూర్తిగా తీసుకోగలిగాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లే సార్! ముందు లే అండ్లకెల్లి!" వెంకట్రాజం కత్తెర పారేసి వచ్చి రెక్క పట్టి లేపాడు. రాయిని మళ్లీ సీటు మీదికి ఎత్తి పెట్టాడు.

"ఏందన్నా, ఏమైంది?" అంది యమున.

"మనిషి పానం పోయిన బండి సీటు చెల్లె ఇది. గసుంటిది మేము ఊకె కొయ్యం. ఆయన మనిషి ఒకలు రావాలె. అన్ననో బాపనో వరుస పెట్టి పిల్వాలె. లే, ఇల్లొచ్చింది, దిగు అనాలె. అప్పుడు ఫోము నిలువునా కోసి పారేత్తం. ఈయన కోసం ఎవ్వలు రాలే. ఇంకా లేవనోని మీద ఇంకొకలు కూసోవద్దని రాయి పెట్టిన."

"ఎవలాయన?"

"ఎవలకెరుక. బండి చేతులు మారుకుంట మారుకుంట వచ్చింది."

బయటికొచ్చాక రమాకాంత్ నవ్వేశాడు. యమున నవ్వలేదు.

కానీ ఒకసారి ఆ హాయి తగిలిన ఒళ్లు ఊరుకుంటుందా? ఇంట్లో పడుకుంటే పరుపు ముళ్లలా గుచ్చింది. వెంకట్రాజం చుట్టాల పెళ్లికని ఊరెళ్లాడని తెలియగానే రమాకాంత్ ఒక్కడే షెడ్డుకు వెళ్లాడు. కొడుకు ఉదయ్ ఉన్నాడు. అతనికి తండ్రి పద్ధతులంటే చిరాకు. "మా బాపు ముచ్చట్లు గట్లనే ఉంటయ్ సార్, ఫోము ఫోమే గదా" అంటూ రాయిని కాలితో దొర్లించి, పాత కవరు చీల్చి, ఎల్లస్వామి నేసిన గుడ్డ తొడిగి, కారులో బిగించి ఇచ్చాడు. యమునకు కనబడింది తండ్రి చేతి ఎర్రచారలు మాత్రమే. మురిసిపోయి, సీటుకు పసుపు కుంకుమ పెట్టింది. ఏ సీటో రమాకాంత్ చెప్పలేదు.

తర్వాతి రోజులు హాయిగా గడిచాయి. ఎన్ని గంటలు నడిపినా ఒక్క మూలుగు లేదు. ఎండలో నిలిపిన కారు కాలిపోతున్నా ఆ సీటు ఒకే వెచ్చదనంతో ఉండేది. వానరోజు తెల్లవారి ఎక్కినా అంతే, ఎవరో ఇప్పుడే లేచి చోటిచ్చినట్టు.

ఒకసారి దారిలో చాయ్ తాగుతుంటే కప్పు తొడ మీద ఒలికింది. తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి ప్యాంటు విప్పాక, బొబ్బలెక్కి ఊడిపోతున్న తోలు చూసి యమున కెవ్వుమంది. అతనికి ఏమీ తెలియలేదు. ఆమె మందు రాస్తుంటే, అది ఇంకెవరిదో కాలయినట్టు చూస్తూ కూర్చున్నాడు.

మొద్దుబారడం కాళ్ల దగ్గర ఆగలేదు. ఒక సాయంత్రం ఇంటి ముందు కారు ఆపి, దిగబుద్ధి కాక అలాగే కూర్చున్నాడు. గేటు రెక్కలో వేదశ్రీ వేలు నలిగింది. పిల్ల ఏడుస్తూ వచ్చి కారు అద్దం మీద కొట్టింది. గోరు నల్లబడి రక్తం కారుతోంది. పాప ఏడుస్తోందని అతనికి తెలుసు. బయట చీకటి పడుతోందని ఎలా తెలుసో అలాగే తెలుసు. లోపల ఏదో లేచి రావాలని ఎదురుచూశాడు. ఏదీ రాలేదు. యమునే పరుగున వచ్చి పిల్లని తీసుకుపోయింది.

"నీకేమైంది? బిడ్డ గట్ల ఏడుత్తాంటె బొమ్మ లెక్క సూత్తానవ్."

"ఏం కాలే. మంచిగనే ఉన్న."

అది అబద్ధం కాదు. అంత బాగా ఎప్పుడూ లేడు. భయపడాల్సిన విషయమని బుద్ధికి తెలుస్తోంది గాని, భయం పట్టుకోవడానికి ఒంట్లో చోటు మిగలలేదు.

వర్ధన్నపేటలో యమున మేనత్త మనవడిని తొట్టెలలో వేసే వేడుక ఉంది. సాయంత్రం ముగ్గురూ బయల్దేరారు. యమున ముందు, పాప వెనక. ఊరు దాటగానే వాన పట్టుకుంది. ఖమ్మం రోడ్డు మీద మబ్బు వల్ల పెందలాడే చీకటి దిగింది. వైపర్ల చప్పుడు, తడిసిన నూలు వాసన. ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది, చాలాసేపు ఒకేచోట కూర్చున్న మనిషి దగ్గర వచ్చేది. వేదశ్రీ నిద్రపోయింది.

వర్ధన్నపేట దీపాలు కనబడ్డాయి.

"ఎడమకు తిప్పు," అంది యమున.

కారు తిరగలేదు.

"ఏయ్... దాటిపోతానం. ఆపు."

ఆపాలనే అనుకున్నాడు. కాలు ఎత్తాడు. నిజంగానే ఎత్తాడు... కళ్లతో చూశాడు, తన చెప్పు పెడల్ మీద లేదు. పెడల్ మాత్రం కిందికి అణిగే ఉంది. కారు వేగం పెరిగింది.

అప్పుడు తెలిసింది అతనికి, వీపు వెనక మెత్తదనం కదులుతోందని. నెమ్మదిగా ముందుకు... నెమ్మదిగా వెనక్కు. తన ఊపిరే అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి చూశాడు.

అది ఆగలేదు.

తొడల కింద ఆసరాగా ఉన్నవి ఫోము కాదు. పక్కటెముకల దగ్గర హాయిగా హత్తుకున్న అంచులు సీటువి కాదు. ఇన్ని కార్లలో ఎక్కడా దొరకని ఆ సుఖం ఎక్కడిదో అతనికి గుర్తొచ్చింది. చాలా చిన్నప్పుడు దొరికిన సుఖం అది.

"యమునా..." గుసగుసగా అన్నాడు. "నేను సీట్ల కూసోలే."

"మరి?"

"ఒకల ఒళ్లె కూసున్న... ఇది ఆ రాయి సీటే. ఉదయ్‌తోని ఎక్కించిన."

ఎదురుగా లారీ దీపాలు. యమున స్టీరింగ్‌ను తన వైపు లాగినా తిరగలేదు. రమాకాంత్ ముఖంలో మాత్రం ఏ భయమూ లేదు, అది చూసే ఆమెకు ఎక్కువ భయం వేసింది. వెనక పిల్ల నిద్రలో ఉంది. ఆమె చెయ్యి చాపి అతని భుజం వెనక, తండ్రి నేసిన గుడ్డ మీద పెట్టింది. గుడ్డ కింద ఏదో ఆ చేతికి ఆనుకుంది.

"అన్నా..." అంది.

వైపర్లు ఆగాయి.

"అన్నా... లే. ఇల్లొచ్చింది... దిగు అన్నా."

రమాకాంత్ జానెడు కిందికి పడ్డాడు, గట్టి సీటు మీదికి. మరుక్షణం నడుములోంచి కాలి వేళ్ల దాకా నిప్పు పాకింది. కాలిన తొడ భగ్గుమంది. అరుస్తూనే బ్రేకు తొక్కాడు. కారు రోడ్డు దిగి బురదలో ఆగింది, లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అతను భార్యను పట్టుకుని, వెనక్కి తిరిగి పిల్ల కాళ్లు పట్టుకుని బోరున ఏడ్చాడు. ఇన్నాళ్ల భయమూ ఒక్కసారే వచ్చింది.

తలుపులన్నీ మూసే ఉన్నాయి. అయినా ఎవరో తలుపు తీసినప్పుడు వెలిగినట్టు లోపలి లైటు వెలిగింది. కొంచెంసేపు ఉండి, మెల్లగా ఆరిపోయింది.

మర్నాడు వెంకట్రాజం కొడుకుని నోరారా తిట్టి, సీటు బయటికి పీకి, ఫోము నిలువునా కోశాడు. లోపల ఏమీ లేదు. ఎండిన పసుపు ఫోము.

"ఏమని పిలిచినవ్ చెల్లె?"

"అన్నా అని."

"ఇల్లొచ్చిందన్నవా?"

"ఆ."

అతని కత్తి ఆగింది. "ఏ ఇల్లో చెప్పినవా?"

యమున తల అడ్డంగా ఊపింది. ముసలాయన ముక్కలన్నీ ఏరి నిప్పు పెట్టాడు.

కారులో పాత సీటే మళ్లీ బిగించారు. రమాకాంత్‌కు నొప్పి మునుపటికంటే ఎక్కువే ఉంది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. మూలిగినప్పుడల్లా యమున నవ్వేది, అతనికీ నవ్వొచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం వీధిలో సైకిల్ పడ్డ చప్పుడైంది. పిల్ల ఏడుపు కోసం చెవి ఒగ్గాడు. ఏడుపు వినబడలేదు. నడుము పట్టుకుని కుంటుతూ వరండాలోకి వచ్చాడు.

వేదశ్రీ కుర్చీలో కూర్చుని ఉంది. మోకాలి చిప్ప తెల్లగా కనబడేంత చీరుకుపోయింది. రక్తం పిక్క మీదుగా కారి సాక్సు తడుస్తోంది. పిల్ల వెనక్కి వాలి, దాన్ని చూస్తోంది.

"అయ్యో బిడ్డా... లే, దవాఖానకు పోదాం."

"నొప్పి లేదు డాడీ."

ఎత్తుకుందామని వంగాడు. అప్పుడు చూశాడు. పిల్ల వాలి ఉంది గాని, ఆమె వీపుకీ కుర్చీ వెన్నుకీ మధ్య జానెడు ఖాళీ. చంకల కింద చేతులేసి లాగాడు. రాలేదు. నడుము కలుక్కుమంది.

"వేదా... లే అమ్మా."

"లెవ్వనిత్తలేడు డాడీ," అంది పాప. "మామ."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు, ఏడవలేదు.