పద్నాలుగో కిలోమీటరు ఎక్కడ?

ఉదయం 9.42. కబ్ద్ దగ్గర ఎడారిలో రైల్వే టెస్ట్ ట్రాక్ మీద ట్రాక్‌మన్ బ్లెస్సన్‌ను ట్రయల్ ఇంజన్ గుద్దింది. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం లేదు.

11.15కి సేఫ్టీ ఇన్వెస్టిగేటర్ అంజుమ్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టింది. డ్రాఫ్ట్ రిపోర్ట్ అప్పటికే బల్ల మీద ఉంది. 'మృతుడు అనుమతి ఉన్న చోటు వదిలి వెళ్లాడు.' నాలుగింటికి సంతకాలు.

మూలన కుర్చీలో బ్లెస్సన్ భార్య ఫ్లోరెన్స్. ఎగైలాలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది. చేతులకు ఇంకా అంట్ల సబ్బు వాసన.

"మా మామాని, అదే మా ఇంటి యజమానురాల్ని, బతిమాలి వచ్చానండి. ఆయన చెప్పిన చోటు వదిలి తిరిగే మనిషి కాదండి. తప్పు ఆయనదని రాస్తే, రేపు మా పిల్ల అదే చదువుకుంటాది."

అంజుమ్ కంట్రోలర్ ఇమ్తియాజ్ వైపు తిరిగింది.

"పర్మిషన్ ఎన్నింటికి అడిగాడు?"

"తొమ్మిదీ పదికక్కా. రేడియోలో."

"ఎక్కడికి?"

"పద్నాలుగు పాయింట్ రెండు నుంచి పద్నాలుగు పాయింట్ ఆరు దాకా. ఇంజన్ రాకుండా అంతా లాక్ చేస్తిని. లాగ్ చూడు."

"గుద్దినప్పుడు ఇంజన్ ఎక్కడుంది?"

"పదమూడు పాయింట్ ఎనిమిది." అతను స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. "లాక్‌కి నాలుగు వందల మీటర్ల ఇవతల. ఆయప్ప ఆడికి ఎందుకొచ్చినాడో తెలీదక్కా."

12.30. అంజుమ్ పట్టాల వెంట నడిచింది. రక్తం మీద ఇసుక చల్లి ఉంది. ట్రాక్‌మన్‌లు పని మొదలుపెట్టే ముందు పట్టాల కింది స్లీపర్ మీద సుద్దతో పేరు, టైమ్ రాస్తారు. ఆ ఇసుక పక్కనే ఉంది: 'బ్లెస్సన్ 9.15'.

ఆమె తలెత్తి పట్టాల పక్కనున్న స్తంభం మీది కిలోమీటరు నంబరు చదివింది. మళ్లీ చదివింది.

14.4.

పొద్దుట్నుంచీ అందరూ స్క్రీనే చూశారు. స్తంభాన్ని ఎవరూ చూడలేదు.

3.30కి అందరూ కూర్చున్నారు. డిజైన్ హెడ్ కుక్కుటేశ్వరరావు కూడా వచ్చాడు.

"బ్లెస్సన్ కదల్లేదు," అంది అంజుమ్. "స్తంభం మీది 14.4, స్క్రీన్ మీది 13.8, రెండూ ఒకే చోటు. స్తంభాల లెక్క యార్డ్ గేటు నుంచి. స్క్రీన్ లెక్క స్టేషన్ మధ్య నుంచి. నడుమ ఆరు వందల మీటర్లు. ఇమ్తియాజ్ లాక్ చేసింది అతనికి అవతలున్న ఖాళీ పట్టాల్ని."

"మరి ఇన్నాళ్లూ ఏమీ కాలేదే?" అన్నాడు ఇమ్తియాజ్.

"ఇన్నాళ్లూ ఇంజన్‌ని ఆపడానికి జెండా పట్టుకుని మనిషి నిలబడేవాడు. ఈ వారమే తీసేశారు."

ఆమె మూడేళ్ల నాటి ఫైల్ తెరిచింది. ప్రాజెక్టులో మొదటి ఫైల్. రైలంటే ఏది, చోటు అంటే ఏది, అన్ని విభాగాలకూ ఒకే అర్థం ముందే రాసి పెట్టాల్సిన ఫైల్. 'చోటు' ఎదురుగా ఒక్క వాక్యం: 'ఎక్కడి నుంచి కొలవాలో తర్వాత చూద్దాం.' కింద కుక్కుటేశ్వరరావు సంతకం.

ఆయన కళ్లద్దాలు తీశాడు.

"అప్పటికి పట్టాలే లేవమ్మా. లేని చోటుకి అర్థం రాయడం దేనికిలే అనుకున్నాను. టీ చల్లారిపోతోందంటే లేచిపోయాం."

ఇమ్తియాజ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"అయితే ఆయన చెప్పిన చోటే ఉన్నాడాండీ?" అడిగింది ఫ్లోరెన్స్.

"ఉన్నాడమ్మా."

"అదే రాయండి."

అంజుమ్ పాత వాక్యం కొట్టేసింది. కొత్తది రాసి, చదివి వినిపించింది. "బ్లెస్సన్ తాను చెప్పిన చోటే పనిచేస్తున్నాడు."

ఫ్లోరెన్స్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోసారి చదవండి," అంది.