న్యాన్ హోటల్లో మూల బల్ల

న్యాన్ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చోవద్దు... మా క్వీ న్యోన్ రేవు సందులోకి కొత్తగా వచ్చినవాడికి ఎవరైనా మొదట చెప్పే మాట ఇది. ఐసు ఎక్కడ, డీజిలు ఎక్కడ అన్నది ఆ తర్వాతే.

పొద్దున్నే చూస్తే అక్కడి పీట తడిగా ఉంటుందట. ముట్టుకుంటే సముద్రం వాసనట. లాటరీ టిక్కెట్లమ్మే ఆవిడ ఒకసారి తెలియక కూర్చుంటే, ఎదుటి పీట దానంతటదే వెనక్కి జరిగిందట... ఇవన్నీ నేను విన్నవి. ఆ రాత్రి జరిగింది మాత్రం నేను ఉండగానే జరిగింది. ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరు కాబట్టి నా రెండు పూటల తిండీ అక్కడే.

హోటలు నడిపే మా న్యాన్ వదిన మొగుడు లొక్, నేనూ ఇరవై ఏళ్ళు ఒకే పడవలో చేపలు పట్టాం. తొమ్మిదేళ్ళ కిందట ఆ పడవ వెళ్ళింది, తిరిగి రాలేదు. పంటి నొప్పి వచ్చి ఆ ఒక్కసారికీ నేను ఆగిపోయాను. మిగతా ఇళ్ళవాళ్ళు పడవ బయల్దేరిన రోజునే తద్దినం రోజుగా పెట్టుకుని, ఫోటో ముందు ఊదొత్తులు వెలిగించారు. వదిన వెలిగించలేదు.

"శవం చూపించండి, వెలిగిస్తాను" అంది.

సముద్రంలో పోయినవాడి శవం ఎక్కణ్ణించి తెస్తాం!

అప్పట్నించీ రోజూ చీకటి పడే వేళకి మూల బల్ల మీద ఒక గిన్నె బున్ కా పెడుతుంది... చేప ముక్కలు, పులుసు, సన్న సేమ్యా, పక్కన చిన్న పళ్ళెంలో నిమ్మచెక్క. ఊదొత్తి మాత్రం పెట్టదు. ఊదొత్తి వెలిగించకపోతే పోయినవాళ్ళకి తిండి అందదని మా సందులో చంటిపిల్లలకి కూడా తెలుసు. పెడితే మొగుడు పోయాడని ఒప్పుకున్నట్టే, అందుకే పెట్టదు. ఆ గిన్నె చల్లారిపోతుంది, పారబోస్తుంది. బయట జనం చోటు కోసం నిలబడి ఉంటారు, ఆ బల్ల ఖాళీగా ఉంటుంది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

కూతురు హ్వే అయితే ఆ రోజు ఊరుకోలేకపోయింది. ఊదొత్తుల కట్ట తెచ్చి తల్లి ముందు పడేసింది.

"తొమ్మిదేళ్ళుగా నాన్న ఆకలితో తిరుగుతున్నాడమ్మా! దిక్కులేని ఆత్మల్లో కలిపేశావు ఆయన్ని!"

"బతికున్న మనిషికి వెలిగించమంటావేమే?"

"ఎక్కడ బతికున్నాడు? చూపించు!"

"పోయుంటే ఆయనే వచ్చి చెప్తాడు. నా పులుసు వాసన తగిలితే ఆగుతాడా? మనిషన్నవాడు ముట్టకుండా ఆ గిన్నె ఖాళీ అయిన రోజున నా చేత్తో నేనే వెలిగిస్తాను. అందాకా నోరు మూసుకుని ఉల్లికాడలు తరుగు."

హ్వే కళ్ళనిండా నీళ్ళతో, పక్క బల్ల దగ్గర కూర్చున్న నా వైపు తిరిగింది. "బాబాయ్, మీరైనా చెప్పండి."

చెప్పీ చెప్పీ నా నోరే పడిపోయింది.

వదిన ఎప్పట్లాగే గిన్నె నింపి మూల బల్ల మీద పెట్టి, వంటవైపు వెళ్ళింది. బయట వాన అందుకుంది. ఒక్క ఉరుము... కరెంటు పోయింది.

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. రేకుల మీద వాన చప్పుడు. ఎవడో నవ్వబోయి ఆగిపోయాడు.

మూల నుంచి... జుర్రుతున్న చప్పుడు.

ఆబగా, ఊపిరి కూడా తీసుకోకుండా... ఎన్నాళ్ళ ఆకలో అన్నట్టు.

"ఒరేయ్... ఎవడ్రా అక్కడ?" అన్నాడు బైకు మీద మనుషుల్ని దింపే వాన్.

"ష్..." అన్నారెవరో.

చీకట్లోంచి వదిన గొంతు వినిపించింది, చాలా మెల్లగా. "ఏవండీ... మీరేనా?"

చప్పుడు ఆగిపోయింది. పీట దభీమని పడింది.

రెండు నిమిషాలకి కరెంటు వచ్చింది. మూల బల్ల దగ్గర ఎవరూ లేరు. గిన్నె అడుగంటా ఖాళీ.

వాన్ తలమీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. హ్వే నేలమీద పడ్డ ఊదొత్తులు ఏరి తల్లికి ఇచ్చింది. అగ్గిపుల్ల గీసింది. మంట వణుకుతోంది. "అమ్మా... నాన్న వచ్చాడు. ఇంక వెలిగించమ్మా."

వదిన ముఖం ఒక్కసారిగా పదేళ్ళు ముసలిదైపోయింది. ఊదొత్తులు మంట దాకా తీసుకెళ్ళింది. చూపు గిన్నె పక్కన ఉన్న చిన్న పళ్ళెం మీద పడింది. చెయ్యి ఆగిపోయింది.

"ఆయన కాదు" అంది.

"అమ్మా!"

"నిమ్మచెక్క అలాగే ఉంది చూడు. పిండుకోకుండా ఆయన ఒక్క ముద్ద తింటాడా? పెళ్ళికి మా ఇంట్లో నిమ్మకాయ లేదని విందు వదిలేసి లేచాడు." ముఖం మళ్ళీ వెలిగిపోయింది. "ఆయన పోలేదే... ఇది వేరెవరో."

హ్వే వేళ్ళు కాలేదాకా అగ్గిపుల్ల పట్టుకునే ఉంది. వదిన ఇంకో పుల్ల గీసింది. ఊదొత్తులు వెలిగించి, గుమ్మం దగ్గర గుచ్చి, వీధి వైపు మూడుసార్లు తల వంచింది.

"ఎవడో పాపం, పెట్టే దిక్కు లేనివాడు. వాడి కడుపైనా నిండింది."

లోపలికొచ్చి పడిపోయిన పీట నిలబెట్టింది. మరో గిన్నె నింపి అదే బల్ల మీద పెట్టింది. నాకు కోపం నషాళానికంటింది. ఎవరి మీదని చూపించను?

హ్వే తడిగుడ్డ తెచ్చి నా ముందు పెట్టింది. వంగి, చెవిలో గుసగుసగా అంది.

"చొక్కా మీద పులుసు పడింది, తుడుచుకోండి బాబాయ్... ఇరవై ఏళ్ళు నాన్న పక్కన కూర్చుని తిన్నారు కదా, నిమ్మచెక్క సంగతి గుర్తులేదా?"

కాలిన నాలుకతో మాట సరిగ్గా రాలేదు.

"గుర్తొచ్చేసరికి మీ అమ్మ పిలిచింది తల్లీ" అన్నాను.