టేపులో కట్టుబడిన గొంతు

అది అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

దయ్యాలకు అర్ధరాత్రి ఒక్కటే ముహూర్తమనుకునేవాళ్ళు కృష్ణపట్నం రేవులో కాపురం చేసి ఎరుగరు. అమావాస్య మధ్యాహ్నం అక్కడ ముసలమ్మలు పిల్లల్ని గడప దాటనివ్వరు. ఆ రోజు సముద్రం మీద కాటుక మేఘాలు కమ్ముకుని పగలే చీకటి పడింది. ఉరుము మీద ఉరుము... ఎక్కడో పట్టపగలు గుడ్లగూబ అరిచింది!

ఉప్పు కొఠారు గుమాస్తా విజయభాస్కర్ ఇంట్లో, వెనక గదిలో, ఒక కపాలం ముందు సాంబ్రాణి ధూమం సుళ్ళు తిరుగుతోంది. ఆ కపాలాన్ని పెట్టింది ముగ్గులో కాదు... టేప్ రికార్డరు మీద!

ఆ గది ఇలాంటి పనులకు పుట్టింది కాదు. గూడూరు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర గిటారు నేర్చుకున్న భాస్కర్, 1964లో వాళ్ళ వీధికి కరెంటు రాగానే మద్రాసు నుంచి పాత టేప్ రికార్డరు తెచ్చుకున్నాడు. కిటికీలకు బొంతలు కొట్టాడు. గోడలకు గోనెపట్టాలు వేలాడదీశాడు. ఉయ్యాల కొక్కేనికి మైకు కట్టి, ఆ కొట్టుగదిని స్టూడియో అన్నాడు! ఉప్పు తూచే చేతికి గిటారెందుకని ఊరు నవ్వింది. అతను మాత్రం సొంత బాణీలు కట్టేవాడు. భార్య ప్రమీల వాటికి మాటలు అల్లి పాడేది.

ఉన్నది ఒక్కటే టేపు చుట్ట. ఎర్ర మీట నొక్కి కొత్తది ఎక్కిస్తుంటే, పాతది దానంతటదే చెరిగిపోతుంది. ప్రమీల ఎంత చక్కగా పాడినా సరే, తన గిటారు ఒక్కచోట తడబడితే చాలు, మహానుభావుడు పాటంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మనిషి ఎదురుగా ఉంది కదా, గొంతుకేం కరువు!

సన్నిపాత జ్వరం వచ్చి మూడో రోజుకే ప్రమీల పోయింది. టేపంతా వెతికితే ఆమె పాట ఒక్కటీ లేదు. మధ్యలో ఎక్కడో ఒక్క మాట మిగిలింది.

"ఇంక చాల్లేయ్యా... అన్నం చల్లారిపోతాండాది."

ఆరు నెలలు ఆ మాటే విన్నాడు భాస్కర్. అన్నం మాత్రం మానేశాడు.

గుండె పగిలినవాడి ఇంటికి మంత్రగాడు దారి అడక్కుండానే వస్తాడు. గంగులయ్య అలాగే వచ్చాడు. "ఆ గొంతుకు నా కట్టు వేస్తే నీ పెళ్ళాం తిరిగొస్తాది అబ్బాయ్!" అన్నాడు. వద్దని ప్రమీల తల్లి కామాక్షమ్మ మొత్తుకుంది. పోయిన మనిషిని పిలవకూడదని కాళ్ళు పట్టుకుంది. అల్లుడు వింటేనా!

మొదటి అమావాస్యకు, ప్రమీల మాటకు ముందు కొంత, వెనక కొంత, ఖాళీ టేపు మీద గంగులయ్య తన మంత్రాన్ని భాస్కర్ చేతే ఎక్కించాడు. రెండో అమావాస్యకు టేపు తిప్పితే... కొత్త మాట వినిపించింది!

"ఏందయ్యా... ఇంత చిక్కిపోయినావు?"

భాస్కర్ ఆ పెట్టెను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. జన్మలో అంత సంతోషం అతనెరగడు.

ఇది మూడో అమావాస్య.

"హ్రీం... క్రీం... ఫట్!" గంగులయ్య గర్జించాడు. ఫెళఫెళార్భాటంతో పిడుగు పడింది. కరెంటు పోయింది... అయినా టేపు తిరుగుతూనే ఉంది! కపాలం కంటి గుంటల్లో ఎర్రటి జ్వాల రగిలింది.

"అయ్యా... గొంతు బిగిస్తాండాడు! నన్ను పోనీ!" స్పీకరులోంచి ప్రమీల ఆర్తనాదం!

"సామీ, ఏం చేస్తాండారు?" అని అరిచాడు భాస్కర్.

గంగులయ్య వికటాట్టహాసం చేశాడు. "మూడు అమావాస్యలూ నిండినాయిరా! ఇంక ఇది నీ పెళ్ళాం కాదు, నా దాసి! మనుబోలు ముత్యాలయ్య నా మీద పంచాయతీ పెట్టినాడు. పోవే! వాడి పసిబిడ్డ గొంతు నులిమి రా!"

"చెయ్యను! బిడ్డను చంపను... చంపను!"

కాదన్న ప్రతిసారీ కపాలం పళ్ళు పటపటలాడాయి. ప్రతిసారీ ఆ కేక ఇంకా సన్నబడింది. చచ్చిన మనిషిని మళ్ళీ చంపుతున్నారు! ఆ పాపం తన చేతులతో తెచ్చిపెట్టిందేనని భాస్కర్‌కు అప్పటికి తెలిసివచ్చింది.

తలుపు దభాలున తెరుచుకుంది. చేతిలో రోకలితో కామాక్షమ్మ!

"ఒరే గంగులా! మంత్రగాడి బలమంతా నోట్లోనేరా! పళ్ళు రాలగొడితే నీ మంత్రం యాడ పారతాదో చూస్తా!"

వాడు చిటికెడు బూడిద విసిరాడు. ముసలామె గాలిలో లేచి గోడ గోనెలకు కొట్టుకుని కింద పడింది. లేవలేకపోయింది. "నాయనా... వాడి నోరు... వాడి నోరు ముయ్యి!" అని మూలిగింది.

భాస్కర్ చూపు టేపు మీద నిలిచింది. గంగులయ్య నోరు వాడి మొహాన ఒక్కటే లేదు... ఆ టేపు మీద కూడా ఉంది! కాల్చినా, ముంచినా తెగని కట్లు వేయడం వాడికి తెలుసు. పాతదాన్ని చెరుపుకుంటూ కొత్తది రాసుకునే యంత్రం గుణం మాత్రం వాడికి తెలియదు.

కానీ రెండు మంత్రాల నడుమ ప్రమీల మాట ఉంది. కట్టంతా దాన్ని పట్టుకునే ఉంది. మేకు పీకకపోతే తాడు ఊడదు.

"అత్తా... ఇది చెరిపితే మన ప్రమీల గొంతు ఇంక యాడా ఉండదు."

కామాక్షమ్మ కళ్ళు మూసుకుంది. కన్నతల్లికి ఆ మాట పలకడానికి ఎంతసేపు పట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

"చెరుపు నాయనా. నా బిడ్డ పసిబిడ్డల్ని చంపేది కాదు."

స్పీకరులో గాలిలాంటి గొంతు పలికింది. "ఎన్నిసార్లు చెరిపినావు గదయ్యా... ఈ ఒక్కసారి నా కోసం చెరుపు."

భాస్కర్ టేపును చేత్తోనే మొదటికంటా వెనక్కి తిప్పాడు. గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. "వాయించరా! పెళ్ళాం పోతాంటే పాట పాడు!" అని గంగులయ్య పగలబడి నవ్వాడు.

ఎర్ర మీట పడింది. కరెంటు లేకుండా ఆ చుట్టను తిప్పుతున్నది ప్రమీలే!

తీగలు మోగాయి. మొదటి మంత్రం చెరిగింది... గంగులయ్య నవ్వు సగంలో తెగిపోయింది. బీజాక్షరం కోసం నాలుక వెతుక్కుంది. దొరకలేదు! గుడ్లు తేలేసి గిటారు మీదికి ఉరికాడు. అంతలో మొదటి కట్టు తెగిన కపాలం నల్లటి పొగ కక్కి వాడి కాళ్ళను చుట్టేసింది.

ప్రమీల మాట ఉన్న చోటు వచ్చింది. నెలల తరబడి విన్నవాడికి ఆ చోటు తెలియదా! వేలు జారింది. స్వరం తప్పింది. జీవితంలో మొదటిసారి భాస్కర్ ఆగలేదు, వెనక్కి తిప్పలేదు. ఏడుస్తూనే వాయించాడు. ఆమె మాట అతని వేళ్ళ కిందే చెరిగిపోయింది.

రెండో మంత్రం కూడా పోయింది. కపాలం ఫటేలున పగిలింది! లేపిన శక్తికి ఆజ్ఞ లేకపోతే లేపినవాడే ఆహారం. ఆ జ్వాల గంగులయ్యను పాదాల నుంచి నెత్తిదాకా కాల్చింది. వాడు నోరు బార్లా తెరిచాడు... చావు కేక కూడా బయటికి రాలేదు! గుప్పెడు బూడిద మిగిలింది. టేపు ఆగింది.

సాయంత్రానికి వాన వెలిసి కరెంటు వచ్చింది. "ఒక్కసారి వెయ్యి నాయనా" అంది కామాక్షమ్మ. మొదటి నుంచి చివరిదాకా గిటారే. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని విన్నారు.

భాస్కర్ కళ్ళు మూసుకున్నాడు. ప్రమీల మొహం వచ్చింది, ముక్కుపుడక వచ్చింది, నవ్వితే పడే సొట్ట కూడా వచ్చింది. పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు. ఎంత వెతుక్కున్నా ఆ గొంతు గుర్తుకు రావడం లేదు!

"అత్తా... అది నన్నెట్ల పిలిచేదో ఒక్కసారి పిలువు" అన్నాడు.

కామాక్షమ్మ గొంతు సవరించుకుంది. కూతురిలా పిలవాలని ఒకసారి ప్రయత్నించింది, ఇంకోసారి ప్రయత్నించింది.

"ఇట్ల కాదు నాయనా... నాకూ రావడంలా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.