తలుపు ఒప్పుకోని పేరు

విస్సన్నపేట దారిలో, తోటల మధ్య, మామిడికాయలు మగ్గేసే గది మాది. ఇనుప తలుపు, లోపల గ్యాసు. ఆ తలుపు తాళం నా ల్యాప్‌టాప్ మాటే వింటుంది. ప్రోగ్రామ్ రాసింది నేనే. కమాండ్ పక్కన ‘--తెరువు’ అని ఆప్షన్ ఇస్తే తెరుచుకుంటుంది. నేను నేర్పని ఆప్షన్ ఏది వచ్చినా ఏ పనీ చేయకుండా ఆగిపోతుంది. జాగ్రత్త కోసం అలా రాశాను.

నిరుడు రాయప్ప లోపలుండగా చూసుకోకుండా తలుపు మూసేశారు. ఊపిరాడక పోయాడు. రోజూ నన్ను ‘బుల్లెమ్మా’ అని పలకరించే పెద్దాయన. అప్పట్నుంచి, తలుపు మూసేముందు మేస్త్రీ సాంబయ్య పేర్లు పిలుస్తాడు. బయటికొచ్చినవాళ్లు పలకాలి.

ఆ సాయంత్రం గాలివాన ముంచుకొచ్చింది. తోటంతా కాయలు రాలుతున్న చప్పుడు. సాంబయ్య గబగబా పిలుస్తున్నాడు.

“శివా!”

“ఆఁ, వచ్చా.”

చెట్ల చాటు నుంచి గొంతు వినిపించింది. తలుపు మూయించి గ్యాసు వదిలాను.

కాసేపటికి లోపలి నుంచి బాదుతున్నారు.

“అక్కా... నేను లోపలే ఉన్నానే...”

నా తమ్ముడు శివ. నా పైప్రాణాలు పైనే పోయాయి. గ్యాసు ఆపి, ‘--తెరువు’ అని కొట్టాను.

తెలియని ఆప్షన్: --రాయప్ప

ఆ పేరు నేను కొట్టలేదు. మళ్లీ కొట్టాను. అదే. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. అదే...

సాంబయ్య గునపంతో పొడుస్తున్నాడు. తలుపు కదల్లేదు.

“ఏదోటి చెయ్యమ్మా. గొంతు తగ్గిపోతోంది.”

బాదడం నెమ్మదించింది... ఆగింది. బాగా మగ్గిన పండ్ల వాసన గుప్పుమంది. లోపలున్నవి ఇవాళే కోసిన పచ్చికాయలు.

వాడు బతికితే చాలు, ఇంకేమైనా కానీ అనుకున్నాను. ప్రోగ్రామ్ తెరిచి, ఒప్పుకోవలసిన ఆప్షన్లలో రాయప్ప పేరు కూడా చేర్చాను. మళ్లీ ‘--తెరువు’ అని కొట్టాను.

తలుపు తెరుచుకుంది.

శివ నడుచుకుంటూ వచ్చాడు. కావిలించుకుని భోరున ఏడ్చాను. వాడి ఒళ్లు చల్లగా ఉంది. నా తల నిమిరాడు.

“ఏడవకు బుల్లెమ్మా.”

సాంబయ్య చేతిలో గునపం జారిపడింది.

వాడి భుజం మీదుగా గదిలోకి చూశాను. ఎవరూ లేరు. తలుపు దానంతటదే మూసుకుంది. కాసేపటికి లోపలి నుంచి... మెల్లగా... బాదుతున్న చప్పుడు.

ల్యాప్‌టాప్ మీద కొత్త వరుస వచ్చింది.

తెలియని ఆప్షన్: --శివ