తప్పు నాదేనన్న ముగ్గురు

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపలి నుంచి స్ట్రెచర్ బయటికొచ్చింది. దాని మీద ఒక పెద్దాయన, వెనకాలే ఆయన భార్య. ముఖానికి ఆక్సిజన్ గొట్టం.

ఇన్‌స్పెక్టర్ మురోయ్ పక్కకి తప్పుకున్నాడు. ఆంబులెన్సు కుర్రాడు పరుగులోనే చెప్పుకుపోయాడు. ఎడమ చెంప, ఎడమ చెవి దద్దుర్లతో నిండిపోయాయట. నాలుక మీద మాత్రం ఏమీ లేదట. చిత్రంగా ఉందట.

మురోయ్ తల ఊపాడు. విన్నాడు, కానీ పట్టించుకోలేదు.

కోబే రేవుకి ఎదురుగా ఉన్న సెయ్‌రాన్ హోటల్ అది. పంతొమ్మిదో అంతస్తులో భోజనశాల. దాని చివర, అతిథులు విడిగా కూర్చుని తినడానికి నేలంతా గడ్డి చాపలు పరిచిన గది. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. బల్ల మీద సూప్ గిన్నెకి పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. మొదటి వంటకం సగం తిని ఉంది. చాప్‌స్టిక్ ఒకటి బల్ల మీద, ఒకటి నేల మీద.

పడిపోయినాయన పేరు కురోనుమా. ఓడలు కట్టే కంపెనీని చాలాకాలం నడిపి రిటైరైనవాడు. ఆయనకి సోబా పడదు. నూడుల్స్ చేసుకునే ఆ గింజ పిండి రవ్వంత తగిలినా ఊపిరాడదు. గది బుక్ చేసినప్పుడే ఆయన భార్య ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయినా నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, గొంతు పట్టుకుని ఒరిగిపోయాడు.

పొరపాటా? ఎవరైనా కావాలని పెట్టారా? అది తేల్చడానికే మురోయ్ వచ్చాడు.

అతని సర్వీసులో నేరం జరిగిన చోట ఎప్పుడూ వినిపించే మాట ఒకటే. నేను కాదు, నాకేం తెలియదు అని. ఇక్కడ మాత్రం అతను నోరు తెరవకముందే ముగ్గురు వరసగా మోకాళ్ల మీద కూర్చుని, నుదురు చాపకి ఆనించారు.

మొదట మేనేజర్ తచిహారా. హోటల్లో ఏం జరిగినా బాధ్యత తనదేనన్నాడు. రాజీనామా చేస్తానన్నాడు.

తరవాత వంటింటి పెద్ద హిగాకి. అక్కడ అందరూ ఆయన్ని మాస్టారూ అని పిలుస్తారు. పొట్టి మనిషి, మెడ ఎద్దు మెడలా ఉంటుంది. వారం నుంచీ సోబా పిండిని వంటింటి గడప దాటనివ్వలేదని చెప్పాడు. గిన్నెలన్నీ మళ్లీ తోమించాడట. కొత్త నూనె పోయించాడట.

"మరి ఆ వంటకంలోకి ఎలా వచ్చింది?" అన్నాడు మురోయ్.

"తెలియదండి."

"తెలియకుండా తప్పు మీదెలా అవుతుంది?"

"నా వంటింట్లోంచి వచ్చిన గిన్నె. ఆయన నోట్లోకి వెళ్లింది. ఇంక తెలియాల్సిందేముంది?"

ఆయన ఒక గుడ్డ మూటని రెండు చేతులతో ముందుకు జరిపాడు. అందులో ఆయన కత్తులున్నాయి. ఇక కత్తి పట్టనన్నాడు. మేనేజర్ ముఖం తిప్పేసుకున్నాడు. మాస్టారు లేకపోతే ఆ భోజనశాల లేదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

మూడో మనిషి వడ్డించిన కయో. అరవైకి దగ్గర పడిన ఆవిడ. చేతులు కిమోనో మడతల్లోకి దాచుకుంది. గిన్నె తానే తెచ్చిందట, తానే పెట్టిందట, కాబట్టి తప్పు తనదేనట.

"నువ్వు ఊరుకో కయో. నీకేం సంబంధం?" అని మాస్టారు కసిరాడు.

"మీరు ఊరుకోండి మాస్టారూ. పెట్టిన చెయ్యి నాది."

తప్పు నీది కాదు నాది అని ఇద్దరూ పోట్లాడుకుంటుంటే మురోయ్‌కి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. మాస్టారి మాట నమ్మదగ్గదిగానే ఉంది. ఎక్కడో ఏ పనివాడి చొక్కాకో పిండి అంటుకుని ఉంటుంది. స్టేట్‌మెంట్ తీసుకున్నాడు. గిన్నెలు ల్యాబ్‌కి పంపాడు. కత్తుల మూట చంకన పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఇంటికి వెళ్లి, కడుపునిండా తిని పడుకున్నాడు.

* * *

మురోయ్ ఇంట్లో పొద్దున వండిన అన్నంలో మొదటి గిన్నె బుద్ధుడి ముందు, వాళ్ల నాన్న ఫోటో ముందు పెట్టాకే ఎవరైనా తినేది. అతను గిన్నె పెట్టి చేతులు జోడించాడో లేదో ఫోన్ మోగింది.

ఆసుపత్రి నుంచి డాక్టర్. రాత్రి కురోనుమా కుదుటపడ్డాడని, ఇంతలో మళ్లీ మొదటికొచ్చిందని చెప్పింది.

"ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదండి. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. సెలైన్ ఒక్కటే. అదే అర్థం కావట్లేదు. మందు ఇస్తే దిగుతోంది, కాసేపటికి మళ్లీ ఎక్కుతోంది. ఆయన వయసుకి ఇలా ఎన్నిసార్లు తట్టుకుంటారో చెప్పలేను."

"గదిలో ఎవరున్నారు?"

"ఆయన భార్య ఒక్కరే."

మురోయ్ అనుమానం అటు మళ్లింది. భార్యా? వెంటనే ఒక కానిస్టేబుల్‌ని పంపాడు. ఆవిడని గది బయట కూర్చోబెట్టమన్నాడు. లోపలికి ఎవరినీ, దేన్నీ పోనివ్వద్దన్నాడు.

ఫోన్ పెట్టేలోపే ల్యాబ్ నుంచి ఇంకో కబురు. వంటకంలో సోబా జాడే లేదు. చాప్‌స్టిక్స్ మీద లేదు. వంటింటి బల్లల మీదా లేదు.

అతను కోటు తొడుక్కుంటూ ఆగిపోయాడు. మాస్టారి వంటింట్లో తప్పే లేదు. లేని తప్పుని ఆయన నెత్తిన వేసుకున్నాడు. వేసుకున్నాడు కదా అని తను వెతకడం మానేశాడు.

ఎడమ చెంప, ఎడమ చెవి. నాలుక మీద ఏమీ లేదు.

అన్నంలో వచ్చిన విషమైతే ముందు నాలుకకి కదా తగలాలి?

భార్య సంగతి తరవాత, ముందు ఆ చెంప సంగతి తేలాలి అనుకున్నాడు. బుద్ధుడి వైపు చూశాడు. ఏదో అడగాలనిపించింది. అడిగే మొహం లేదనిపించింది. కత్తుల మూట తీసుకుని బయటపడ్డాడు.

* * *

చాపల గదిలో మళ్లీ ఆ ముగ్గురే. మళ్లీ నుదుళ్లు వంచబోయారు.

"వద్దు. ఇవాళ ఎవరూ తప్పు ఒప్పుకోకండి. అడిగినదానికి జవాబు చెప్పండి, చాలు. కయో గారూ, నిన్న ఆయన ఎన్నింటికి వచ్చారు?"

"పన్నెండింటికి. భోజనం పన్నెండున్నరకి కదండీ, ముందే వచ్చేశారు."

"భార్య?"

"ఆవిడ కింద బట్టల కొట్టు చూసొస్తానని ఆగిపోయారు."

అంటే గదిలో ఆయన ఒక్కడే.

"అరగంట ఏం చేశారు?"

"పడుకున్నారు."

"ఎక్కడ?"

"ఇక్కడే, చాప మీద. రైల్లో కూర్చుని కూర్చుని మెడ పట్టేసిందట. ఆయన అనలేదు లెండి. మెడ తడుముకుంటుంటే నేనే చూశాను."

"ఎటు తిరిగి పడుకున్నారు?"

కయో కళ్లు మూసుకుంది. గది గుర్తు తెచ్చుకుంది.

"రేవు కనపడాలని కిటికీ వైపు. ఎడమ పక్కకి."

మురోయ్ చాప మీదికి వంగాడు. గదిని ఊడ్చిన తీరు చూస్తే దుమ్ము కణం కూడా దొరికేట్టు లేదు. కిటికీ పక్కన, చాపకి కుట్టిన పట్టు అంచు సందులో మాత్రం ఏదో నల్లగా కనిపించింది. గోటితో లాగాడు. మూడు మూలల పొట్టు, చీమ తలకంటే కాస్త పెద్దది.

అరచేతిలో పెట్టుకుని మాస్టారి ముందు చాపాడు. మాస్టారు దాన్ని చూశాడు. ఆయన ముఖంలో రంగు మారిపోయింది.

"సోబా," అన్నాడు. "గింజ కాదు. ఊక."

"కయో గారూ, ఆయన తల కింద ఏం పెట్టారు?"

ఆవిడ కిటికీ పక్కన చాప వైపు చూసింది.

"నా దిండు."

హోటల్ దిండ్లు మరీ మెత్తన. మెడ పట్టేసినవాళ్లకి పనికిరావు. పనివాళ్ల గదిలో తను నడుం వాల్చుకునే చిన్న దిండు ఉంది. సోబా ఊక కూరి తన చేత్తో కుట్టుకున్నదే. ఉతికిన గలేబు తొడిగి తెచ్చింది. వడ్డనకి ముందు తీసేసి లోపల పెట్టేసింది.

"ఊక దిండ్లు హోటల్లోంచి ఎప్పుడో తీసేయించాను," అన్నాడు మేనేజర్ నీరసంగా. "పడనివాళ్లు ఉంటారని."

"నాతో అన్నారా?" అంది కయో.

మేనేజర్ తల అడ్డంగా ఊపాడు.

"వంటకాలన్నీ చూసుకున్నానండి," అంది మురోయ్ వైపు తిరిగి. "సాస్‌తో సహా అడిగాను. మాస్టారు విసుక్కున్నారు కూడా. ఆయన తినకూడదనే నాకు తెలుసు. తల పెట్టుకోకూడదని నా బుర్రకి తట్టలేదు."

"ఆ దిండు ఇప్పుడెక్కడుంది?"

కయో మాస్టారి వైపు చూసింది.

"కయో గారూ, ఎక్కడుంది?"

"నిన్న సాయంత్రం... ఆసుపత్రికి తీసుకెళ్లానండి. క్షమించమని అడగడానికి. ఒట్టి చేతులతో ఎలా వెళ్లను? ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నారు ఆయన, ఆ దిండు మీద. అందుకని..."

అప్పటికే మురోయ్ ఫోన్ చెవి దగ్గరుంది.

* * *

గదిలోకి ఎవరినీ పోనివ్వద్దని తనే కాపలా పెట్టాడు. భార్యని బయటికి తనే పంపించాడు. కాపలా లోపలే దిండు ఉంది, ఆయన చెంప కింద.

డాక్టర్ పరుగెత్తిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. తలుపు చప్పుడు. ఎవరో ఏదో అడిగారు. తరవాత ఏమీ వినపడలేదు.

మాస్టారు చాప వైపు చూస్తున్నాడు. మేనేజర్ కిటికీ వైపు చూస్తున్నాడు. కయో మాత్రం ఫోన్ వంకే చూస్తోంది. ఆవిడ చేతులు జోడించుకుని ఉన్నాయి. ఎవరికి దండం పెడుతోందో ఆవిడకైనా తెలుసో లేదో.

చాలాసేపటికి డాక్టర్ గొంతు వినిపించింది. దిండు తీసేశారు. మంచం మార్చారు, గది మార్చారు. మందు ఇచ్చారు.

"గంట ఆగాలి. ఈసారి మళ్లీ ఎక్కకపోతే దాటినట్టే," అంది.

ఆ గంటలో ఎవరూ కదల్లేదు. మురోయ్ ఒక్క ప్రశ్న అడిగాడు, ఫోన్‌లో, కురోనుమా భార్యని. దిండులో ఏముందో ఆమె చూడలేదా?

చూడలేదంది. ఇంట్లో ఎప్పుడూ దూది దిండ్లేనట. ఇంకో రకం తనకి తెలియదట. ఆ వడ్డించినావిడ అంత ఏడుస్తూ, రెండు చేతులతో ఇస్తుంటే, ఇందులో ఏముందని ఎలా అడుగుతారు? మర్యాదగా ఉంటుందా?

మురోయ్ ఫోన్ పెట్టేశాడు. నిన్న తను మాత్రం ఏం అడిగాడు? కయో అడగకుండా దిండు పెట్టింది. అడగకుండా కనిపెట్టడమే ఆవిడ వృత్తి. మేనేజర్ చెప్పకుండా దిండ్లు తీయించాడు. మాస్టారు కారణం వెతక్కుండానే కత్తులు దింపేశాడు. నోరు తెరిచి అడగడానికే జీతం తీసుకునే తను, చేతికొచ్చిన క్షమాపణ పుచ్చుకుని అన్నం తిని నిద్రపోయాడు.

ఫోన్ మోగింది.

దిగింది. మళ్లీ ఎక్కలేదు.

మేనేజర్ గోడకి జారబడిపోయాడు. మాస్టారు మొహం తుడుచుకున్నాడు. కయో మాత్రం లేచి మురోయ్ ముందుకి వచ్చి, రెండు మణికట్లు చాపి నిలబడింది.

"ఇప్పుడైనా తప్పు నాదే కదండీ? తీసుకెళ్లండి."

"కేసు లేదమ్మా. కావాలని చేసింది కాదు."

"అంటే నేనేం చెయ్యాలి?"

ఈ ప్రశ్న పొద్దున బుద్ధుడి ముందు మురోయ్ అడగబోయి మానుకున్నదే.

కత్తుల మూట మాస్టారి ముందు పెట్టాడు. ఆయన ముట్టుకోలేదు.

"నిన్న మీరు తీసుకోవలసింది కాదు," అన్నాడు మాస్టారు.

"అవును. మీరు ఇవ్వవలసిందీ కాదు."

* * *

నాలుగో రోజున కురోనుమాకి కూర్చునే ఓపిక వచ్చింది. నలుగురూ వెళ్లారు. మురోయ్ ముందుగా భార్యకి నడుం వంచి దండం పెట్టాడు. కాపలా పెట్టినందుకు, అనుమానించినందుకు. మిగతావాళ్లు వంగేలోపే పెద్దాయన చెయ్యెత్తాడు.

"చాలు, చాలు. ఇంతమంది వంగితే నేను కూడా వంగాలి. నడుం సహకరించదు." ఆయాసపడుతూ కయో వంక చూశాడు. "దిండు మాత్రం అద్భుతం అమ్మా. చచ్చేంత హాయి."

భార్య ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. కయో నవ్వలేకపోయింది, ఏడవలేకపోయింది. ఆవిడ కళ్లు ఆయన మెడ మీదే ఉన్నాయి. మంచం తలాపు ఎత్తు సరిపోక ఆయన మెడ ఒక పక్కకి వాలింది. ఆవిడ చెయ్యి తనంతట తానే ముందుకొచ్చింది. ఇన్నేళ్ల అలవాటు.

చెయ్యి గాలిలోనే ఆగింది.

"అయ్యా," అంది కయో. ఏ అతిథినీ ఆ మాట అడగాల్సిన అవసరం ఆవిడకెప్పుడూ రాలేదు. "మీ మెడ కింద... ఏం పెట్టమంటారు?"

పెద్దాయన ఆలోచించాడు.

"మడత పెట్టిన తువ్వాలు. పల్చగా."

"అలాగేనండి. తినడానికి?"

"జావ. ఉప్పు తక్కువ."

కయో తువ్వాలు మడిచింది. విప్పి దులిపింది. వాసన చూసింది. మళ్లీ మడిచింది.

మాస్టారు మురోయ్ వైపు వంగి, జావలోకి ముల్లంగి సన్నగా తరిగి వేస్తే బాగుంటుందని, కత్తుల మూట కూడా తన బండిలోనే ఉందని మెల్లిగా అన్నాడు.

"ముల్లంగి ఆయనకి పడుతుందో లేదో అడిగారా?" అన్నాడు మురోయ్.

మాస్టారు గొంతు సవరించుకుని మంచం దగ్గరికి నడిచాడు.