డైట్ మేడమ్, చిన్న బేకర్, ఒక కాలి వేలు

ఆమె తలుపు తోసుకొచ్చిన తీరుకి బేకరీ కౌంటర్ మీద బన్నులు కూడా ఉలిక్కిపడి ఉంటాయి.

"మా పేషెంటుకి దొంగచాటుగా కేకులు పెడుతున్నది మీరేనా?" అని అడిగి, జవాబు వినేలోపే పక్కకి తిరిగి మోచేతిలోకి గట్టిగా తుమ్మింది.

"చిరంజీవ!" అన్నాడు కౌంటర్ వెనక కుర్రాడు, చేతుల పిండి దులుపుకుంటూ. "ఇంతకీ ఏ పేషెంటు?"

"మీ నాన్నగారు."

అతని మొహంలో నవ్వు ఎగిరిపోయింది.

వీధికి ఇటు బేకరీ, అటు ఆమె పనిచేసే క్లినిక్. అక్కడామె డైటీషియన్. ఇల్లూ ఆ వీధిలోనే, ఒక మేడ మీద. వీధి వీధంతా ఆమెను డైట్ మేడమ్ అంటుంది. ఈ బేకరీ యజమాని పెద్ద బేకర్, కొడుకు చిన్న బేకర్. పెద్ద బేకర్‌కి ఏళ్ల తరబడి షుగరు. బూటు ఒరుసుకుని బొటనవేలికి పడిన పుండు ఎంతకీ మానడం లేదు. వచ్చే నెల చూసేసరికి కూడా ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి రావచ్చని సర్జన్ చెప్పేశాడు. ఆయన మందులు మానలేదు. డైట్ మేడమ్ రాసిచ్చిందే తింటున్నాడట. అయినా షుగర్ దిగి రాదే! తను రాసింది తప్పయి ఉండొచ్చని మాత్రం ఆమెకి తోచనే లేదు. తన మీద తనకి నమ్మకం అంత గట్టిది.

"మేడమ్, మూడు పూటలా వండి పెడుతున్నది నేనే," అన్నాడు చిన్న బేకర్. "మీరు చెప్పిన దానికి ఒక్క స్పూను ఎక్కువ పెట్టలేదు. మా నాన్న వేలు మీద నాకంటే మీకు ఎక్కువ బెంగా?"

"మరి షుగర్ ఎందుకు దిగట్లేదు?"

"అది చెప్పాల్సింది మీరు. చదువుకున్నది మీరు కదా."

"నేను రాసింది తింటే దిగి తీరాలి!"

"అయితే రేపు తెల్లారగానే రండి. ఆయన ఇంట్లోకంటే ఇక్కడే ఎక్కువుంటారు. పక్కనే కూర్చుని కాపలా కాయండి. తప్పు మాదైతే మీ ముందు గుంజిళ్లు తీస్తా. మీదైతే?"

ఆమె దగ్గర మంచి ఘాటైన జవాబే ఉంది. తుమ్ము అడ్డొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, మూతికి మాస్కు కట్టుకుని మరీ వచ్చింది. కూర్చోమని అతను చూపించింది పిండి బస్తా. దాని మీద అప్పటికే ఉతికిన గుడ్డ పరిచి ఉంది. ఇలాంటివి తను పట్టించుకోనని అనుకుంటూనే ఆమె పట్టించుకుంది.

ఓవెన్ వేడికి గది అద్దాలు మసకబారాయి. పెద్ద బేకర్ కట్టుకట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, కుర్చీలోంచే రాజ్యం ఏలుతున్నాడు. ట్రే దిగిన ప్రతిసారీ కొడుకు తెచ్చి ఆయన ముందు పెడతాడు. ఆయన బన్ను కొస తుంపి నోట్లో వేసుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు, తలాడిస్తాడు. కేకు కొస, గిన్నెలోంచి క్రీము, గరిటె చివర పాకం, మళ్లీ బన్ను.

ఆమె లేచి ఖాళీ ప్లేటు తెచ్చుకుంది. ఆయన ఎంత తుంపితే అంత తనూ తుంపి ప్లేటులో పెట్టడం మొదలెట్టింది.

"ఏంటమ్మాయ్, నీక్కూడా కావాలా?"

"తర్వాత చెప్తా అంకుల్. మీరు కానివ్వండి."

మధ్యాహ్నానికి ప్లేటు గుట్టయింది. దాన్ని తీసుకెళ్లి చిన్న బేకర్ ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"మీ నాన్నగారు పొద్దుట్నుంచీ తిన్నది."

"ఆయనేం తిన్నారు? నేను పెట్టిన టిఫిన్ తప్ప..." అంటూ ప్లేటు వైపు మళ్లీ చూసి ఆగిపోయాడు.

"నేనేం తిన్నానమ్మా? రుచి చూశానంతే," అన్నాడు పెద్ద బేకర్, నిజంగానే ఆశ్చర్యపోతూ. "అది నా పని. తిండి తిండే, పని పనే."

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఏం తిన్నారని ఆమె అడిగినప్పుడల్లా ఆయన నిజమే చెప్పాడు. అది తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది.

"తప్పు నాది కూడా," అంది. "ఒక బేకర్‌ని ఏం తిన్నారని అడిగానే గానీ, రోజూ ఏం పని చేస్తారని అడగలేదు."

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నా," అన్నాడు చిన్న బేకర్ చిన్నబోయి. "నాకూ అది తిండిలా అనిపించలేదు."

"ఇప్పుడేమంటారు? రుచి చూడ్డం మానెయ్యమంటారా?" పెద్ద బేకర్ మీసం అదిరింది. "ఈ బేకరీ నడిచేదే నా నాలుక మీద!"

"మరి ఇంట్లో నడిచేది కాళ్ల మీద కదా అంకుల్," అందామె, స్టూలు పక్కన కింద కూర్చుంటూ. "పుండు దగ్గరికి వచ్చే సూక్ష్మక్రిములతో పోరాడ్డానికి ఒంట్లో కాపలా కణాలుంటాయి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అవి మందగిస్తాయి. మీ మందులు పనిచేస్తూనే ఉన్నాయి, ఈ ముక్కలు వాటిని వెనక్కి లాగుతున్నాయి. ఇవి ఆపి, కాలికి విశ్రాంతి ఇచ్చి, కుర్చీలోనే చేతుల వ్యాయామం చేసి, వేళకి పడుకుంటే వేలు నిలబెట్టుకోవచ్చు."

పెద్ద బేకర్ తన కాలి వంక చూసుకున్నాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

"మరి నీ కాపలావాళ్లకేమైందమ్మా? వచ్చినప్పట్నుంచీ తుమ్ముతూనే ఉన్నావు. మధ్యాహ్నం ఏం తింటావు?"

"కాఫీ..."

"దాంతో?"

"బిస్కెట్లు. మా బేకరీవే," అన్నాడు చిన్న బేకర్ టక్కున. "రాత్రి వాళ్లింట్లో లైటు ఎప్పుడారుతుందో కూడా చెప్పమంటారా?"

"మీరెందుకు చూస్తున్నారు మా లైటు?"

అతను గబగబా ట్రే తుడవడం మొదలెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఒప్పందం కుదిరింది. పెద్ద బేకర్ నోట్లో ముక్క వేసుకోడు. రుచి చూసే పని కొడుకుది. డైట్ మేడమ్ రోజూ మధ్యాహ్నం బేకరీ వెనక బల్ల దగ్గర కూర్చుని, చిన్న బేకర్ వండిన కూరలు, గుడ్డు, పండు తినాలి. రాత్రి వేళకి పడుకోవాలి.

మొదటి రోజే బన్నుల్లో ఉప్పు మర్చిపోయారు. పెద్ద బేకర్ చేతులు వెనక్కి కట్టుకుని, పళ్లు బిగపట్టి కూర్చున్నాడు గానీ ముక్క ముట్టలేదు. "ఎలా ఉంది నాన్నా?" అని కొడుకు అడిగితే, "నువ్వు చెప్పరా, ఇప్పుడు నాలుక నీది," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో పక్కనున్న ఆమెకి తెలిసింది.

"నమలండి మేడమ్, తరుముతున్నారా ఎవరైనా?" అనేవాడు చిన్న బేకర్, మధ్యాహ్నం బల్ల దగ్గర.

"మీరు నా మొహం చూడ్డం ఆపితే నములుతా."

ఇంట్లో అమ్మ బతిమాలినా తినని పిల్ల ప్లేటు ఖాళీ చెయ్యడం నేర్చుకుంది. వారాలు గడిచేకొద్దీ జలుబు దాదాపు మాయమైంది. షుగర్ మెల్లగా దిగింది. వీధికి అటు నుంచి ఇటు దాటేటప్పుడు జుట్టు సర్దుకోవడం కొత్తగా మొదలైంది. దానికి ఏ కారణమూ వెతకలేదామె. ఆమెకి తెలుసు.

పరీక్ష రోజు వాన. సర్జన్ గది బయట బెంచీ మీద చిన్న బేకర్ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"షుగర్ దిగి తీరుతుందన్నానా లేదా?" అందామె.

"మీకు భయం వెయ్యదా?"

"వేస్తుంది. కానీ ఆయన మాట తప్పలేదు. నాకు ఆ ధైర్యముంది."

తలుపు తెరుచుకుంది. పుండు పూడుకొస్తోందని, వేలు తియ్యాల్సిన పని లేదని సర్జన్ చెప్పాడు. పెద్ద బేకర్ చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

క్లినిక్ వసారాలో వాన తగ్గేదాకా ఆమే, చిన్న బేకరూ నిలబడ్డారు.

"ఇక మధ్యాహ్నం మీరు రావక్కర్లేదేమో. ఒప్పందం అయిపోయింది కదా."

"రావద్దంటున్నారా? రమ్మని అడగడం చేతకాక అలా అంటున్నారా?"

"రెండోది."

"అయితే సరిగ్గా అడగండి."

అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. మధ్యాహ్నం ఒక్కటీ చాలట్లేదు. పొద్దున్నా సాయంత్రమూ కూడా ఎదురుగా మీరే ఉండాలి."

"నాకూ ఇష్టమే. ఎప్పుడడుగుతారా అని చూస్తున్నా," అందామె వానలోకి చెయ్యి చాపుతూ. "మా అమ్మతో మాత్రం మీ నాన్నగారే మాట్లాడాలి."

పుండు పూర్తిగా మాని, మెత్తటి బూట్లతో నడవొచ్చని సర్జన్ ఒప్పుకున్న రోజు సాయంత్రం, ఆమె ఇంటి తలుపు చప్పుడైంది. అమ్మ తీసింది. మెట్లెక్కిన ఆయాసంతో, గోడ పట్టుకుని పెద్ద బేకర్. ఆయన వెనక ఎటు చూడాలో తెలియని చిన్న బేకర్.

"అయ్యో, కబురు పెడితే మేమే వచ్చేవాళ్లం కదండీ! ఈ కాలితో ఇన్ని మెట్లా?"

"అందుకేనమ్మా పెట్టలేదు," అన్నాడాయన. "ఈ కాలు నిలబెట్టింది మీ అమ్మాయి. నడవమన్నాక మొదట ఎక్కడికి నడవాలా అని ఆలోచించా. మీ పిల్లని మా ఇంటికి అడగడానికే నడవాలనిపించింది. ఇస్తారా?"

అమ్మ ఆయన కాళ్ల వంక చూసింది. లోపల గదిలో కర్టెన్ పట్టుకుని నిలబడ్డ కూతురి వంక చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని తలుపు బార్లా తెరిచింది.

"లోపలికి రండి అన్నయ్యగారూ. వియ్యపురాలి ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడతారా?"